వాలు నేల మీద కట్టిన కారు

మా వర్క్‌షాపులో హాఫ్‌కట్ దిగిన రోజు కొబ్బరికాయ కొట్టేవాళ్ళం.

హాఫ్‌కట్ అంటే ఏమిటో తెలియని పిల్లలు కూడా ఈ పత్రిక చదువుతారు కాబట్టి చెబుతున్నాను. జపానులో పాతబడిన కారునో, దేన్నో గుద్దుకున్న కారునో సగానికి కోసి, ముందు సగాన్ని ఓడలో మన మలేషియా రేవుకు పంపుతారు. ఇంజన్, గేర్‌బాక్స్, స్టీరింగ్ అన్నీ ఉంటాయి. వెనక సీటు, డిక్కీ ఉండవు. నడుము దాకా ఉన్న మనిషి మన వాకిట్లోకి వచ్చి నిలబడ్డట్టు ఉంటుంది. ఆ కారు ఎవరిదో, ఎందుకు ఆగిపోయిందో మనకు తెలియదు. అందుకని ఇంజన్ విప్పే ముందు ఒక కాయ కొట్టి, కర్పూరం వెలిగించి, "ఎవరివో గానీ, నీ వస్తువు తీసుకుంటున్నాం, కోపం పెట్టుకోకు" అనుకునేవాళ్ళం. మా మలాయ్ వెల్డరు పక్కన నిలబడి తన ప్రార్థన తాను చేసుకునేవాడు. చైనా యజమాని దూరం నుంచే చూసేవాడు, కొబ్బరి ముక్క మాత్రం మరిచిపోకుండా అడిగి తినేవాడు.

నేను చదివింది ఎస్టేటు బడిలో ఆరో తరగతి. ఆ తర్వాత బడి నన్ను వదిలిందో, నేను బడిని వదిలానో ఇప్పటికీ తేలలేదు. ఈ తెలుగు రాత, ముసలితనంలో మన సంఘం ఆదివారం క్లాసులో మనవరాలి పక్కన కూర్చుని దిద్దుకున్నది. తప్పులుంటే ఆమెను అడగండి, నా గురువు ఆమే. పోర్ట్ క్లాంగ్‌లో కంటెయినర్ లారీలు బాగుచేస్తూ నా ఉద్యోగం గడిచింది. ఇంటి పైకప్పు కంటే లారీ అడుగునే ఎక్కువ చూసినవాణ్ణి. ఎన్నో ఇంజన్లు ఎత్తాను, దించాను. ఒక్కదాని గురించే చెప్పమంటే మాత్రం, అది లారీది కాదు. ఒక ఇంటి పోర్చిలో తండ్రీ కొడుకులు తమ చేతులతో కట్టుకున్న రెండు సీట్ల కారుది.

ఆ తండ్రి నాతోపాటే అదే వర్క్‌షాపులో పనిచేసి, నాతోపాటే రిటైరైన మనిషి. ఇద్దరం కువాలా సెలంగోర్ వైపు ఒకే ఎస్టేటులో పుట్టాం. తవ్వితే చుట్టరికం దొరుకుతుందేమో, మేం తవ్వలేదు. ఆయన్ను బావ అన్నాను, ఆయన భార్యను అప్ప అన్నాను. మా వాళ్ళు అక్కను అప్ప అనే అంటారు. ఆమె నన్ను "ఒరే తమ్ముడా" అంటుంది. నా నెత్తిన వెంట్రుక మిగలకపోయినా ఆ "ఒరే" మాత్రం మిగిలే ఉంది.

వాళ్ళకు ఒక్కడే కొడుకు. రేవులో గోడౌను పని, ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. నన్ను మామా అనేవాడు. నా నోటికి జవాబు చెప్పగలిగిన మగాడు క్లాంగ్ మొత్తంలో వాడొక్కడే.

"కారు నేనోడికి పిల్లనెవలిస్తార్రా?" అన్నానొకసారి.

"నీకు సైకిలుకే ఇచ్చినారు కద మామా. ఆ రోజుకి అత్తకి కల్లు అగుపించనేదేటి?" అన్నాడు.

వెనక్కి తిరిగి చూస్తే మా ఆవిడ నవ్వుతోంది. అంతటితో నా నోరు మూతపడింది.

ఆ కారు సరదా వాడిదే. ఇంగ్లీషు దొరలు తమ ఇంటి షెడ్లలో ఇలాంటివి కట్టుకుంటారని ఫోనులో చూపించాడు. చదరపు ఇనుప గొట్టాలతో చట్రం, ముందు ఫైబర్ ముక్కు, రెండు సీట్లు. పైన కప్పు లేదు, పక్కన తలుపు లేదు. "ఒరే, ఈ దేశం వానకి కప్పు నేని కారేట్రా? గొడుక్కూడా వెల్డింగ్ సేసియ్యి" అన్నాను. అలాంటి బండిని రోడ్డు మీద తిప్పడానికి సర్కారు అనుమతి తెచ్చుకోవడం వేరే భారతం. వాళ్ళకు రోడ్డు అక్కర్లేదు. మా పాత ఎస్టేటులో పామాయిల్ చెట్ల మధ్య ఎర్రమట్టి దారులున్నాయి, అక్కడి మేనేజరు సరేనన్నాడు, అంతే చాలు. ఆదివారం వస్తే తండ్రీ కొడుకులిద్దరూ పోర్చిలో చట్రం కింద దూరేవాళ్ళు. తల్లి వాళ్ళ కాళ్ళ మధ్యనుంచి చీపురు పోనిచ్చి ఊడ్చుకునేది.

"అమ్మా, మొదట నువ్వే ఎక్కాల," అనేవాడు.

"నాను సచ్చినా ఎక్కను. అది కారేటి, నీల్ల తొట్టి."

"మాటిచ్చేసినాను. నువ్వెక్కకపోతే నాన్న కూడా ఎక్కడు."

ఇంజన్‌ను, గేర్‌బాక్స్‌ను మా వర్క్‌షాపుకొచ్చిన ఒక హాఫ్‌కట్ నుంచే విప్పుకున్నారు. ఆ రోజు కాయ తానే కొడతానన్నాడు కుర్రాడు. మొదటిసారి అది పగలకుండా ఎగిరి గేర్‌బాక్స్ మీద పడింది. రెండోసారి వెల్డరు కాలి మీద పడింది. "కోప్పడకు అబాంగ్, జపానోడు నవ్వుకుంటన్నాడు," అంటూ కుర్రాడే వెల్డరు కాలు తుడిచాడు. మలాయ్‌లో అన్నను అబాంగ్ అంటారు. మూడోసారికి పగిలింది. విప్పిన ఇంజన్‌ను చెక్క పెట్టెలో పెట్టి ఇంటికి చేర్చారు.

ఇంజన్ కూర్చునే బ్రాకెట్లు రెండూ కుర్రాడే వెల్డింగ్ చేశాడు. తండ్రి ఆ రోజు డ్యూటీలో ఉన్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి చూసి, "సక్కగొచ్చింది" అన్నాడట. వెల్డింగ్ గీత నిజంగానే చక్కగా వచ్చింది, కుట్టుమిషను కుట్టు లాగా.

ఆ తర్వాత ఒక సాయంత్రం వానలో, షిఫ్టు దిగి మోటారుసైకిల్ మీద వస్తూ, వాడు ఇంటికి చేరలేదు. దాని గురించి ఇంతకంటే రాయను. రాయడానికి నాకు చదువు చాలదు.

బావ ఆ కారు మీద టార్పాలిన్ కప్పేశాడు. అప్ప రోజూ దాని చుట్టూ కడిగి, దాని పక్కనే ముగ్గు పెట్టుకునేది. తియ్యమని అడగలేదు, పూర్తిచెయ్యమనీ అడగలేదు. గోడ మీద కుర్రాడి ఫొటోకు దండ పడింది. వచ్చినవాళ్ళందరూ "బంగారంలాంటి బిడ్డ" అని వెళ్ళేవాళ్ళు. బంగారమే. కాకపోతే తడి తువ్వాలు మంచం మీద పారేసే బంగారం, తల్లి చేత నాలుగు తిట్లు తినందే అన్నం ముందు కూర్చోని బంగారం. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ ఇంట్లో నా హాస్యం నోటిదాకా వచ్చి వెనక్కి పోయేది. కాఫీ తాగి, వాన గురించి రెండు మాటలాడి వచ్చేసేవాణ్ణి. బావా అప్పా కూడా అంతే, వాన గురించీ కూర గురించీ. కొడుకు పేరు ఆ ఇంట్లో పలకడం మానేశారు.

అలా కొన్నేళ్ళు గడిచాక బావ ఒకరోజు టీ కొట్లో నా ఎదురుగా కూర్చుని గ్లాసు అటూ ఇటూ తిప్పుతూ అన్నాడు.

"ఇంజన్ లోపలికి దించాల."

ఏ ఇంజన్ అని నేను అడగలేదు. "అప్ప ఏటంటాది?" అన్నాను.

"సెయ్యి, గాని నన్ను పిలవకు అన్నాది."

"మరి ఎవలి కోసం బావా?"

"ఆడు మాటిచ్చినాడు గదా. మొదట ఆలమ్మే ఎక్కాలని. అది తీర్చాల, అంతే." గ్లాసు తిప్పడం ఆపాడు. "ఒక్క మాట. ఆడు సేసిందేటీ మార్చకూడదు. ఆడి సేత్తో ఎట్టినది ఎట్టినట్టే ఉండాల."

నేను సరేనన్నాను. లోకంలో ఏ ఇంజనూ అలాంటి మాటకు లోబడదని ఇద్దరికీ తెలుసు.

పనికి ఒక సెలవు రోజు పొద్దుట కలుసుకున్నాం. బావ, నేను, మా పాత వెల్డరు. ఆయనా రిటైరయ్యాడు, కబురంపితే గ్రైండరు, వెల్డింగ్ మిషను, నాసి లెమాక్ అనే కొబ్బరిపాల అన్నం పొట్లాలు నాలుగు పట్టుకుని వ్యానులో వచ్చాడు. మూడు పొట్లాలు మాకు, ఒకటి అప్పకు. ఆమె తలుపు దగ్గర దాన్ని అందుకుని, "తెరిమా కాసి అబాంగ్" అని మలాయ్‌లో కృతజ్ఞత చెప్పి లోపలికి పోయి తలుపు చేరవేసింది. టార్పాలిన్ తీశాం. చట్రం మీద తుప్పు లేదు. బావ ఎవరికీ చెప్పకుండా ఏడాదికోసారి రంగు వేస్తూ ఉన్నాడని అప్పుడు తెలిసింది.

పని సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇంజన్‌ను, గేర్‌బాక్స్‌ను విడివిడిగా దించితే లోపల కలపలేక నడుములు విరుగుతాయి. నేల మీదే రెంటినీ జతచేసి, క్లచ్ పళ్ళెం సరిగ్గా మధ్యలో ఉందో లేదో చూసుకుని, ఒకే ముద్దగా పైదూలం గొలుసుకు వేలాడదీయాలి. గేర్‌బాక్స్ తోక కిందికి వంగాలి, ఇంజన్ ముక్కు ఆకాశం చూడాలి, ఒకడు గొలుసు వదులుతుంటే ఇంకొకడు చేత్తో నెడుతుండాలి. దించాక ఆ ముద్ద ముక్కాలి పీటలాగా మూడు చోట్ల ఆనుతుంది. కుడి బ్రాకెట్, ఎడమ బ్రాకెట్, వెనక గేర్‌బాక్స్ కింద ఒక అడ్డపట్టీ. ఆ అడ్డపట్టీ మాత్రం బావ చేసినది.

గేర్‌బాక్స్ తోక సాఫీగా లోపలికి పోయింది. కుడి బోల్టు దిగింది. ఎడమ బోల్టు దిగింది. వెనక అడ్డపట్టీ రంధ్రాలు మాత్రం బొటనవేలంత పక్కకున్నాయి. ముందు నుంచి చూస్తే ఇంజన్ ఒక పక్కకు ఒరిగి ఉంది, ఎవరి మాటో చెవి ఒగ్గి వింటున్నట్టు.

బావ గడ్డపార పెట్టి నెట్టబోయాడు.

"ఆగు బావా, అది అల్యూమినియం. బోల్టు చెవి ఇరిగితే మల్లీ జపాన్ ఎల్లాల," అన్నాను.

ఇంజన్‌ను మళ్ళీ గొలుసు మీద పైకి లేపాం. అది అలా గాల్లో వేలాడుతుంటే, ముగ్గురం కారణాలు వెతకడం మొదలుపెట్టాం. రబ్బరు ఇన్నేళ్ళు పెట్టెలో ఉండి ఉబ్బిందేమో అన్నాడు బావ. అడ్డపట్టీ రంధ్రాలే తప్పేమో అన్నాడు మళ్ళీ. "జపానోడే వంకరగా సేసుంటాడు, ఉత్తరం రాద్దాం," అన్నాను నేను. ఎవరూ నవ్వలేదు. నేను కూడా నవ్వలేదు.

వెల్డరు టేపు తీసి కొలిచాడు. మా వర్క్‌షాపులో ఒక నియమం ఉండేది. కొలత ఎప్పుడూ చట్రం నుంచి తియ్యాలి, నేల నుంచి కాదు. ఆయన కుడి బ్రాకెట్‌ను చట్రం నుంచి కొలిచాడు, సరిగ్గా ఉంది. ఎడమది కొలిచాడు. రెండు వేళ్ళు ఎత్తున ఉంది. మళ్ళీ కొలిచాడు. టేపు చుట్టేసుకుని, సిగరెట్టు వెలిగించి, గేటు వైపు తిరిగి నిలబడ్డాడు.

తప్పు కుర్రాడి బ్రాకెట్‌దని ముగ్గురికీ తెలిసిపోయింది.

పోర్చి గోడకు కుర్రాడి రసమట్టం ఇంకా వేలాడుతోంది. లోపల ద్రవంలో గాలిబుడగ తేలుతూ ఉంటుందే, తాపీమేస్త్రీలు మట్టం చూసుకునే కర్ర, అది. కొత్తది కొనుక్కుని ఎంతో మురిసిపోయాడు. వెల్డరు దాన్ని దించి, దుమ్ము తుడిచి, రెండు బ్రాకెట్ల మీద అడ్డంగా పెట్టాడు. బుడగ సరిగ్గా రెండు గీతల మధ్యకు వచ్చి నిలబడింది. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఇదెలాగ?" అన్నాడు వెల్డరు. "మట్టం సరిగ్గానే ఉంది. పని ఇంత శుభ్రంగా ఉంది. మరి కారుకెందుకు పడటం లేదు?"

బావ ఆ బుడగ వంక చాలాసేపు చూశాడు. ముఖంలో ఒక వెలుగు వచ్చింది. ఆ వెలుగు చూస్తే నాకు భయం వేసింది.

"సూసినారా? ఆడు సేసింది సరిగ్గానే ఉన్నాది. నాదే తప్పు. నా అడ్డపట్టీ కోసీయండి. ఆడి దాని పెకారం నాది మార్చుకుంటాను."

"బావా, నీది చట్రానికి సరిగ్గున్నాది."

"నాది కొయ్యమంటన్నాను గదా!"

వెల్డరు గ్రైండరు చేతిలోకి తీసుకున్నాడు గానీ స్విచ్చి వెయ్యలేదు. నా వంక చూశాడు. బావ చెప్పినట్టు చేస్తే ఏమవుతుందో ఆయనకూ తెలుసు, బావకూ తెలుసు. ఇంజన్ ఒరిగి కూర్చుంటుంది. దాని వెనక తిరిగే శాఫ్టు వంకరగా తిరుగుతుంది. కీలు అరిగి, ఏదో ఒక రోజు వేగం మీద ఉండగా విరుగుతుంది. ఆ కారులో శాఫ్టు పోయేది రెండు సీట్ల మధ్యనుంచే, కూర్చున్న మనిషి తుంటి పక్కనుంచే.

"ఇరిగితే ఇరగనీరా," అన్నాడు బావ, నేను నోరు తెరవకముందే.

నాకు మాటలకు లోటు ఎప్పుడూ లేదు. ఆ రోజు ఒక్కటే దొరికింది.

"ఇరిగిన నాడు ఆ పక్క సీట్లో కూకునేది ఎవలు బావా?"

బావ వేలాడుతున్న ఇంజన్‌కు చెయ్యి ఆన్చి నిలబడ్డాడు. అది మెల్లగా ఊగింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. అప్ప టీ గ్లాసుల పళ్ళెంతో గడప మీద నిలబడి ఉంది. ఎప్పటి నుంచి తలుపు వెనక ఉందో మాకు తెలియదు.

"ఏటి తప్పొచ్చింది?" అంది.

ముగ్గురం మూడు దిక్కులు చూశాం.

"మిమ్మల్నే. ఆడు సేసిందేనా?"

"ఆడేం తప్పు సెయ్‌నేదు," అన్నాడు బావ.

ఆమె పళ్ళెం కిందపెట్టి దగ్గరికి వచ్చింది. ఆ కారు దగ్గరికి ఆమె రావడం కొన్నేళ్ళలో అదే మొదలు. బ్రాకెట్ల మీద ఉన్న రసమట్టాన్ని చూసింది.

"దీన్నెట్టే కొలిసినాడా?"

"అవునప్పా. అది సరిగ్గానే సూపిస్తన్నాది. అదే తెలట్నేదు," అన్నాను.

ఆమె కుళాయి దగ్గర బకెట్లోంచి చెంబుతో నీళ్ళు ముంచి, కారు కుడి చక్రం దగ్గర పోసింది. నీళ్ళు ఒక్క క్షణం ఆగి, చట్రం కిందుగా, అడ్డంగా, ఎడమ పక్కనున్న కాలవ వైపు పాక్కుంటూ పోయాయి. ముగ్గురు మెకానిక్కులం ఆ నీళ్ళ వెంట తలలు తిప్పాం.

"దినామూ కడుగుతాను. దినామూ ఇటే పోతాయి. వాన నీరు ఇంట్లోకి రాకండా కట్టినోడు పల్లం ఎట్టినాడు," అంది.

వెల్డరుకు మలాయ్‌లో చెప్పాను. ఆయన "అల్లా" అని నుదురు పట్టుకున్నాడు. కారు వాలు నేల మీద ఒరిగి నిలబడి ఉంది. కుర్రాడు రసమట్టం పెట్టి, బ్రాకెట్లను భూమికి సరిగ్గా మట్టం చేశాడు. భూమికి సరే, కారుకు వంకర. రిపేరు షెడ్డు చదును నేల మీద బతికిన మాకు అది తట్టలేదు.

అప్ప ఆ నీళ్ళ వంకే చూస్తూ ఉంది. తర్వాత ఆమె గొంతు లేచింది. మాతో కాదు. ఎడమ బ్రాకెట్‌తో.

"ఆ రోజే సెప్పినాను. ఒరే, నేల వాలుగున్నాదిరా, ఇక్కడ కొలిస్తే తప్పుతాదిరా అని సెప్పినానా నేదా? ఏటన్నాడు? 'నువ్వెల్లి పులుసు సూసుకో అమ్మా' అన్నాడు. పులుసు సూసుకోవాలట నాను! ఎప్పుడు ఇన్నాడు నా మాట? తువ్వాలు ఆరెయ్యిరా అంటే ఇన్నాడా? ఆ జుట్టు కత్తిరించుకోరా అంటే ఇన్నాడా? వాన తగ్గినాక బయల్దేరరా అని ఫోన్ సేసి మరీ సెప్పినాను..."

అక్కడ ఆగింది.

బావ తల ఎత్తాడు. ఆ ఫోను సంగతి ఆయనకు ఆ క్షణం దాకా తెలియదు. ఆమె దాన్ని అన్నేళ్ళు ఒంటరిగా మోసింది.

"ఒక్క గంట ఆగరా అన్నాను," అంది, ఈసారి మెల్లగా. "'ఆకలేస్తంది, వచ్చేస్తన్నాను' అన్నాడు."

నీళ్ళు కాలవలో పడుతున్న చప్పుడు వినిపించింది. బావ ఇంజన్ మీది నుంచి చెయ్యి తీసి ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. పట్టుకోలేదు, ముట్టుకోలేదు. మా తరం వాళ్ళకు అది రాదు. పక్కన నిలబడటమే వచ్చు.

కాసేపటికి ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అందరూ బంగారం బంగారం అంటారు. ఒక్కలైనా ఆడు తప్పు సేసినాడని అన్నేదు. తిట్టుకుందామన్నా నాకు ఏటీ మిగల్నేదు," అంది. "కొయ్యండి."

"ఆడి సేత్తో సేసింది," అన్నాడు బావ.

"ఆడు తప్పు సేస్తే సరిసెయ్యడానికే గదా అమ్మా బాబూ ఉన్నది. నువ్వే కొయ్యి."

వెల్డరు గ్రైండరును బావ చేతికి ఇచ్చాడు. బావ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఆ అద్దాల వెనక ఏం జరిగిందో నేను చూడలేదు, చూడకూడదనే రసమట్టం గోడకు తగిలించడానికి వెళ్ళాను. వెనక వెల్డరు "బిస్మిల్లా" అనడం, ఆ వెంటనే గ్రైండరు అరవడం వినిపించాయి. నిప్పురవ్వలు ఎగిరి తడినేల మీద పడి ఆరిపోయాయి. కొడుకు వేసిన కుట్టు అంత తొందరగా తెగలేదు. బావ రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. "బాగా ఎట్టినాడు," అన్నాడు రెండోసారి ఆగినప్పుడు, ఎవరితో అనకుండా.

ఎడమ బ్రాకెట్ ఊడివచ్చింది. వెల్డరు చట్రం నుంచి కొలిచి, రెండు వేళ్ళు కిందికి కొత్తది అతికించాడు. కుడి బ్రాకెట్ కుర్రాడిదే ఉండిపోయింది. గొలుసు వదులు చేశాం. ఇంజన్, గేర్‌బాక్స్ కలిసి దిగి, మూడు చోట్లా బరువుగా, నిబ్బరంగా కూర్చున్నాయి. వెనక బోల్టులు చేత్తో తిప్పితేనే దిగాయి. అప్ప చల్లారిన టీలు తీసుకుపోయి మళ్ళీ కాచి తెచ్చింది. "ఈసారైనా తాగండి, మీరూ ఆడి రకమే" అంది. ఆ ఇంట్లో మాకు తిట్లు పడి చాలాకాలమైంది. ముగ్గురం తలలు వంచుకుని తాగాం.

ఇంజన్ దించిన రోజే కారు రయ్యిమని వెళ్ళిపోవడం సినిమాల్లో జరుగుతుంది. మాకు వైర్లు, పెట్రోలు గొట్టాలు, బ్రేకులు, రేడియేటరు, వీటితో వారాలు పట్టాయి. బండి స్టార్టయిన రోజు అప్పే నాలుగు నిమ్మకాయలు తెచ్చి నాలుగు చక్రాల కింద పెట్టింది. మూడు నిలబడ్డాయి. నాలుగోది దొర్లుకుంటూ కాలవలో పడింది.

"సూసినావా తమ్ముడా? ఇంకా నమ్మకం నేదేటి?" అంది.

"నమ్మినానప్పా. నిమ్మకాయకున్న బుద్ధి మాకు నేకపోయింది," అన్నాను.

ఆమె నవ్వింది. నా ఉద్యోగ జీవితంలో నాకు దక్కిన బహుమతులు తక్కువ. ఉన్నవాటిలో అదొకటి.

కారును లారీ మీద ఎస్టేటుకు చేర్చాం. ఎర్రమట్టి దారి మీద దించాక బావ స్టీరింగ్ ముందు కూర్చుని ఆమె వంక చూశాడు. రమ్మని అనలేదు. ఆమె కారు చుట్టూ ఒకసారి తిరిగింది. "పైన కప్పు నేదు, పక్కన తలుపు నేదు. ఇది కారేటి, నీల్ల తొట్టి," అంది. అని, చీర ఎత్తిపట్టుకుని ఎక్కింది.

పామాయిల్ చెట్ల మధ్యనుంచి వాళ్ళు పోతుంటే నేను, వెల్డరు లారీ పక్కన నిలబడి చూశాం. ఇంజన్ చప్పుడుకు మాటలు వినపడలేదు గానీ, ఆమె చెయ్యి గాల్లో ఊగుతూ కనపడింది. మెల్లగా పొమ్మని అంటోందో, ఇటు తిప్పమని అంటోందో. దారి పొడుగునా తిడుతూనే ఉందని బావ తర్వాత చెప్పాడు. మధ్యలో ఒకచోట కొడుకు పేరు పెట్టి తిట్టిందట. ఆ పేరు విని తాను కారు ఆపేశాడట. చెట్ల కింద కూర్చుని ఇద్దరూ ఆ పేరు చాలాసేపు మాట్లాడుకున్నారట. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు, నేనూ అడగలేదు. తిరిగి వచ్చినప్పుడు ఇద్దరి మొహాల నిండా ఎర్రమట్టి. కళ్ళ కింద మాత్రం మట్టి లేదు.

పిల్లలూ, మీలో ఎవరైనా కారు కట్టుకుంటే కొలత చట్రం నుంచి తియ్యండి, నేల నుంచి కాదు. ఇంట్లో నేల కడిగే మనిషి ఏదైనా అంటే వినండి. ఈ ముసలాడి దగ్గర ఇంతకంటే విద్య లేదు.

కోసిన బ్రాకెట్‌ను పాత ఇనుము వాడికి వెయ్యబోతే అప్ప వెయ్యనివ్వలేదు. కడిగి, తుడిచి, వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంది. బరువైనది, మూలలు పదునుగా ఉంటాయి. ఆ ఇంటికి వెళ్ళిన ప్రతివాడికీ కాలికి తగులుతుంది. నాకు తగిలింది, వెల్డరుకు తగిలింది, బావకు రోజూ తగులుతుంది. ఆమెకు కూడా తగులుతుంది. తగిలినప్పుడల్లా వంగి, కాలివేలు పట్టుకుని, "సెప్తే ఇన్నావు కాదు గదా" అంటుంది.

దండ వేసిన ఫొటో వైపు చూసి కాదు. కింద నేల వైపు చూసి, కోపంగా, ఇంట్లో ఉన్న మనిషిని అన్నట్టే.